ముక్కల సబ్బు

నేను పాసైన.

ముందుగాల గీ మాట చెప్పకుంటే తర్వాత ఏది రాద్దామన్నా నా చెయ్యి నిలుస్తలేదు. బీయస్సీ, కెమిస్ట్రీ, సెకండ్ క్లాస్. మా తాతది వేలిముద్ర, మా నాయినది వేలిముద్ర. మా అమ్మ అయితే కాగితం కనవడితేనే చేతులు కొంగుల దాస్కుంటది. గసొంటి ఇంట్ల నుంచి పోయి, మూడేండ్లు చదివి, పాసైన.

రిజల్ట్స్ వచ్చి ఇయ్యాల్టికి పదిహేను దినాలు. యూనివర్సిటీల పరీక్షల ఆఫీసు గోడకు నంబర్లు అతికిచ్చిన్రు. గుంపుల తలకాయ దూర్చి చూసిన. నా నంబరున్నది. మళ్ళ చూసిన. హాల్ టికెట్ తీసి, ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చూసిన. ఎనకనుంచి ఒకాయన, "ఓ అక్కా, ఎన్నిసార్లు చూసినా అది గదే ఉంటది, జెర జరుగు" అన్నడు. జరిగిన. జరిగి, పల్లీలమ్మే ముసలాయనకు చెప్పిన. రైలు పట్టాలు దాటేకాడ ఎవరో ముక్కు మొహం తెల్వని ఆమెకు చెప్పిన. వారాసిగూడల గిర్నీ ఆయన పిండి కొట్టంగ తలంత తెల్లగ చేస్కొని నిలవడ్డడు, ఆయనకు గూడ చెప్పిన.

"పాసైనవ్ మంచిదే, ఇగ ఏం చేస్తవ్?" అన్నడు ఆయన, మిషన్ చప్పుడుల అరుచుకుంట.

"ఇంటికి పోయి చెప్తా" అన్న.

ఇంటికి పోయిన. మా అమ్మ వాకిట్ల పొట్టు పొయ్యి ముంగట గొంతు కూసొని సబ్బు కలుపుతున్నది. మా నాయిన గుమ్మం కడప మీద కూసున్నడు.

"అమ్మా" అన్న.

"ఆగు. పొయ్యి మీద ఉన్నది" అన్నది. తలెత్తలే.

ఆగిన. నేను ఆగిన గా గడియల ఏమైందో, దాన్ని చెప్తందుకే ఇదంత రాస్తున్న. నా సంతోషం ఇంకా తగ్గలే, అబద్ధమెందుకు. పొద్దున లేవంగనే మొదలు యాదికొచ్చేది పాసైన ముచ్చటనే. కాని దాని ఎంబడే మా అమ్మ నాలుక యాదికొస్తది. నా చదువుతోని ఆమె నాలుక పోయింది. మా నాయిన వేలు పోయింది. గీ రెండు నాకు రెండేండ్ల సంది తెల్సు. తెల్వనిది ఇంకోటుండె. గది రిజల్ట్స్ దినమే తెల్సింది.

మేము ఊరిడిసి వచ్చిన యాడాది వానలు లేవు, బాయి అడుగు కనవడ్డది. మా నాయినకు యూనివర్సిటీల ఒక హాస్టల్ మెస్‌ల గిన్నెలు కడిగే పని దొరికింది. వారాసిగూడల ఒక్క అర్ర దొరికింది. మెస్‌ల పూరీలు, మిర్చీలు కాల్చంగ కాల్చంగ నల్లగైన నూనెను మోరీల పారబోస్తుంటే మా నాయిన పానం గుంజేదంట. చేను చేసినోడాయె. ఒక దినం వంటాయనను అడిగి డబ్బాల పోస్కోని ఇంటికి పట్టుకొచ్చిండు. తినేతందుకు పనికిరాదు. దీపం పెడితే ఇల్లంత పొగ. ఆ డబ్బాను నడుమ పెట్టుకొని ముగ్గురం దాని దిక్కే చూస్కుంట కూసున్నం.

పక్క అర్రల ఒక ముసలమ్మ ఉండె. వయసుల ఉన్నప్పుడు సబ్బు కార్ఖానల పనిచేసిందంట. ఆమెనే మా అమ్మకు నేర్పిచ్చింది. ఇనుప బకెట్ల నీళ్ళు పోసి, నీళ్ళల్ల కాస్టిక్ సోడా వెయ్యాలె. సోడా మీద నీళ్ళు పొయ్యొద్దు, మొహం మీదికి లేస్తది. నీళ్ళు వాటంతటవే కాగుతయ్. చల్లారినంక, వడగట్టిన నూనెల సన్నటి ధారగ పోస్కుంట కట్టెతోని ఒక్క దిక్కే తిప్పాలె. జొన్న గట్క తీరు చిక్కగైనంక చెక్క డబ్బాల తడిబట్ట పరిచి పొయ్యాలె. తెల్లారి మా నాయిన తీగతోని బార్లు బార్లుగ కోస్తుండె. తీగకు రెండు దిక్కుల పుల్లలు కట్టి, బర్ఫీ కోసినట్టు.

కోసినప్పుడు అంచులు రాలుతయ్. కొన్ని పగులుతయ్. కొన్ని వంకరవోతయ్. గవి పారేసుడు మా ఇంట్ల నేరం. అన్నిటిని ఒక కుండల వేసి పెట్టి, నిండినంక మా అమ్మ కత్తిపీట మీద సన్నగ తరుగుతది, ఉల్లిగడ్డ తరిగినట్టు. ఇన్ని నీళ్ళు చల్లి నానవెట్టి, రంపం పొట్టు పొయ్యి మీద సన్నటి సెగకు కరిగిస్తది. కట్టె ఆపొద్దు. ఆపితే అడుగంటి మాడుతది. కరిగినదాన్ని మళ్ళ డబ్బాల పోస్తే అది ముక్కల సబ్బు. చూసేతందుకు మంచిగుండది, పొరలు పొరలుగ ఉంటది, నీళ్ళు తగిలితే మెత్తగైతది. మంచి బార్లు గంపల పెట్టుకొని మా అమ్మ తార్నాక దిక్కు పోయి ఇండ్లల్ల అమ్ముతుండె. ముక్కల సబ్బు మెస్‌కు పోతుండె, నూనెకు బదులు. నూనె డబ్బా ఇటు, సబ్బు అటు. గది మా నాయినకు వంటాయనకు మాట.

ఇగ నాలుక సంగతి. సబ్బు అయిందో కాలేదో కండ్లకు తెల్వదు, చేతికి తెల్వదు. నాలుకకే తెలుస్తది అని చెప్పింది ముసలమ్మ. నాలుక కొస ఆనియ్యాలె. ఉత్త సబ్బు రుచి వస్తే అయినట్టు. సూది తీరు గుచ్చితే సోడా ఎక్కువున్నట్టు. గప్పుడు ఇంత నూనె పోసి మళ్ళ ఉడికియ్యాలె. ముసలమ్మ పోయినంక గా వాడ మొత్తంల గా నాలుక మా అమ్మకొక్కదానికే ఉండె. చిన్నగున్నప్పుడు నేను గూడ చూస్తనని వంగితే, గదవ పట్టుకొని ఎనకకు జరిపింది.

"నువ్వు పెట్టకు. గుచ్చితే నూనె పోసి ఉడికియ్యాలె, గది యాదికుంచుకో, చాలు. నీ నాలుక చదువుకు కావాలె" అన్నది.

తార్నాకల ఒక పెద్దింటామె ఉండె, గంప దించంగనే ఎక్కిరిస్తుండె.

"ఏమే, ఇయ్యాల సబ్బు నాకి వచ్చినవా?"

"నాకినంకనే వచ్చినమ్మా. మీ చెయ్యి కన్న నా నాలుక మెత్తన. దానికి ఓర్చినంక మీ చేతికేమైతది?"

ఆమె నవ్వుతుండె, కొంటుండె. మా అమ్మ సబ్బు చెయ్యి కొయ్యదు అని పక్కింటోళ్ళకు గూడ చెప్తుండె. మా అమ్మకు గంత కన్న పెద్ద సర్టిఫికెట్ లేదు.

నేను డిగ్రీల చేరిన. వారాసిగూడ నుంచి నడుచుకుంట పోతుంటి. సబ్బు ఎంత ఉడికిచ్చినా మిర్చీల వాసన పోదు. గా సబ్బుతోనే బట్టలు, గా సబ్బుతోనే తలకాయ. బెంచీల నా పక్కన కూసునే అమ్మాయి రోజు పొద్దున, "మీ ఇంట్ల ఇయ్యాల గూడ మిర్చీలేనా?" అని అడుగుతుండె. మంచిదే ఆ అమ్మాయి. మా ఇంట్ల రోజు మిర్చీలు చేస్కోని తింటమని నిజంగనే అనుకున్నది. నేను గూడ కాదనలే.

పాఠాలన్ని ఇంగ్లీష్‌ల. నేను తెలుగు మీడియం. సార్ చెప్పేదాంట్ల సగం అందేది, సగం నా నెత్తి మీద నుంచి పోయేది. పోయిన సగాన్ని నేనే అల్లుకుంటుంటి. అట్ల అల్లుకునుడు నాకు అలవాటైంది. మస్తుసార్లు సరిగ్గనే అవుతుండె, అందుకే ధైర్యమొచ్చింది.

రెండో ఏడు ఒక దినం సార్ సబ్బు గురించి చెప్పిండు. నూనె, కాస్టిక్, సబ్బు. నేను బెంచీల నిటారుగ కూసున్న. మా వాకిలి, మా పొయ్యి, మా అమ్మ కట్టె, అన్ని బోర్డు మీదికొచ్చినయ్. పుస్తకంల మా ఇంటి సంగతి ఉండుడు గదే మొదటిసారి. సోడియంతోని అయిన సబ్బు గట్టిగుంటది, పొటాషియంతోని అయిన సబ్బు మెత్తగుంటది అన్నడు. గది రాస్కున్న. గంట కొట్టంగనే ఉరికిన. గా దినం గూడ గిట్లనే, కడుపుల ముచ్చట పట్టక ఉరికొచ్చిన.

మా అమ్మ ముక్కలు తరుగుతున్నది.

"అమ్మా, ముక్కల సబ్బు మెత్తగెందుకైతదో నాకు తెల్సింది."

"ఎందుకైతది?"

"సోడియం తక్కువైతది. అంటే కాస్టిక్. కరిగిచ్చేటప్పుడు ఇంకింత వేస్తే రాయి లెక్క గట్టిగైతది."

మా అమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "ఎక్కువేస్తే గుచ్చదా?"

"ఉడికిస్తం గదా. కలిసిపోతది."

"కాలేజీల గట్లనే చెప్పిన్రా?"

"ఆ. గట్లనే చెప్పిన్రు."

చెప్పలే. గట్టిది, మెత్తది అని మాత్రమే చెప్పిన్రు. తక్కిందంత నేను అల్లుకున్నది. అబద్ధం చెప్పాలని గాదు. నాకు అందిన సగం, నేను అల్లిన సగం, ఏదేదో నాకే తెల్వకుండె.

మా అమ్మ లేచి కాస్టిక్ డబ్బా తెచ్చింది. నేను చూపిచ్చినంత వేసింది. ఉడికినంక, చల్లారిన ముద్దను చిటికెడు తీసి నాలుక కొసకు ఆనిచ్చింది. నేను ఎదురుంగనే కూసున్న. ఆమె కండ్లు మూసుకున్నది. పెదవులు బిగవట్టింది. పక్కకు ఉమ్మి, చెంబు నీళ్ళు పుక్కిలిచ్చి, మళ్ళొకసారి ఆనిచ్చింది. మళ్ళ ఉమ్మింది.

"ఎట్లున్నదమ్మా?"

నా దిక్కు చూసింది. జెర సేపే. "మంచిగున్నది" అన్నది.

తెల్లారి కోస్తే తీగ తెగింది. నిజంగనే రాయి. తెల్లగ, అంచులు నిగనిగ. ముక్కల సబ్బు గంత మంచిగ అయ్యుడు మేమెన్నడు చూడలే. మా నాయిన రెండు బార్లు ఒకదానికొకటి కొట్టి చప్పుడు విన్నడు. "ఏమే, ఇది మనం చేసిందేనా? కంపెనీవోడు చూస్తే ఏడుస్తడు" అన్నడు. గంపకెత్తుకొని మెస్‌కు పోయిండు. మా బిడ్డ చదువు సబ్బిది అని వంటాయనకు చెప్పి ఇచ్చిండంట.

పది దినాలు గడిచినయ్. గా పది దినాలు మా ఇంట్ల ఏం జరిగిందో నాకు కండ్లుండి కనవడలే. అన్నం కాడ మా నాయిన చెంచా అడుగుతుండె. చేతులు తువ్వాల కింద పెట్టుకుంటుండె. కూరల చెయ్యి పెట్టకపోతుండె, చల్ల పోస్కోని ఉత్తన్నం తింటుండె. మా అమ్మ గూడ చల్లన్నమే. కారం పడుతలేదు, వేడిచేసింది అన్నది. కూరంత నాకే. నేను దాన్ని తిని, వాళ్ళిద్దరికి సోడియం గురించి చెప్పుకుంట కూసున్న. సార్ చెప్పింది ఒకటైతే నేను నాలుగు చెప్పిన. వాళ్ళు విన్నరు. మా నాయిన అయితే, "నీళ్ళల్ల వేస్తే మండుతదా? నీళ్ళల్లనా?" అని మళ్ళ మళ్ళ అడిగి చెప్పిచ్చుకున్నడు.

పదకొండో దినం మెస్ వంటాయన మా ఇంటికి వచ్చిండు. మా నాయినను రెక్క పట్టి తోల్కొచ్చిండు. అందరి ముంగట తువ్వాల గుంజేసిండు.

చేతులు ఉడికినట్టున్నయ్. వేళ్ళ సందులల్ల తోలు లేచి ఎర్రగ మాంసం కనవడుతున్నది. కుడిచేతి చూపుడు వేలు గోరు కింద నల్లగై, వంకాయ తీరు ఉబ్బింది.

"నేను మొదటి దినమే కడిగి చూసి పక్కకు పెట్టిన, బూడిదతోనే తోముకుంటున్న" అన్నడు వంటాయన. "వద్దయ్యా గా సబ్బు అంటే వింటడా? కొత్త సబ్బు, జెర తేజ్ ఉన్నది, అలవాటైతది అంటడు. బిడ్డ చేసింది, పక్కకు పెడితే దాని మనసు ఖరాబైతది అంటడు. ఏం మనిషమ్మా?"

మా నాయిన నవ్విండు. నవ్వుకుంటనే కడప మీద కూలవడ్డడు. ఒళ్ళు కాలుతున్నది, జొరం.

దవాఖానల చూపుడు వేలు రెండో కణుపు దాకా తీసేసిన్రు. చీము పైకి పాకుతదని. తక్కిన వేళ్ళు మానినయ్ గాని బిగుసుకపోయినయ్, మూస్తే తెరుచుకోవు, తెరిస్తే మూసుకోవు. చెయ్యి మానినంక రమ్మన్నరు మెస్‌ల. మానేసరికి అక్కడ ఇంకొకాయన గిన్నెలు కడుగుతున్నడు. వంటాయన మంచోడు, నూనె మాత్రం ఆపలే. సబ్బు వద్దమ్మా, ఊరికే తీస్కపో అన్నడు. గా "ఊరికే" అన్న మాట మా అమ్మను ఏ సోడా కన్న ఎక్కువ గుచ్చింది. రెండు వారాలు డబ్బా పట్టుకొని పోనే లేదు.

దవాఖాన నుంచి వచ్చిన దినం నేను అడిగిన. అడగక ఉండలేకపోయిన.

"అమ్మా, నువ్వు నాలుకకు పెట్టి చూసినవ్ గదా. గుచ్చలేదా నీకు?"

మా అమ్మ బియ్యం ఏరుతున్నది. "తెల్వలే బిడ్డ" అన్నది. "నాలుక ఎప్పుడో మొద్దువారింది నాది. ఎన్నేండ్లాయె సబ్బు నాకవట్టి."

నేను నమ్మిన. నమ్ముడు నాకు మంచిగుండె. తప్పు చెప్పింది నేనే, సరే. కాని తప్పును పట్టే నాలుక ముందే పాడైంది, అందుకే పట్టలే. అట్ల అనుకుంటే కొంత బరువు నా మీద నుంచి జారి ఆమె నాలుక మీద పడుతుండె. రెండేండ్లు అట్ల జారనిచ్చిన.

పాడైందన్నది నిజమే. ఆమె నాలుక కొసకు తెల్లటి పుండ్లు లేచి, నెల దినాలు మానలే. మానినంక రుచి రాలే. పప్పుల రెండుసార్లు ఉప్పు వేస్తుండె, ఒక్కొక్కసారి అసలే వెయ్యకపోతుండె. మేము ఏం అనకుండ తింటుంటిమి. సబ్బు మాత్రం చెయ్యక తప్పదు. చేస్తే చూడక తప్పదు. ఆనిస్తది, కండ్లు మూస్తది, మళ్ళ ఆనిస్తది, "ఏం చెప్తలేదు ఇది" అంటది, ఎవరో అలిగిన మనిషి గురించి చెప్పినట్టు. తార్నాకల పెద్దింటామె, "ఏమే, నాకి వచ్చినవా?" అంటే మా అమ్మ జవాబు చెప్పుడు బంద్ చేసింది.

గప్పుడు నేను ల్యాబ్‌ల నుంచి దొంగతనం చేసిన. ఫినాఫ్తలీన్ అని ఒక మందుంటది, నీళ్ళ తీరు ఉంటది. సోడా తగిలితే గులాబి రంగైతది. ఇంజెక్షన్ ఖాళీ సీసాల ఇంత పోస్కోని రైక సందుల పెట్టుకున్న. గుమ్మం కాడ ల్యాబ్ అటెండర్ తాత ఆపిండు. మా నాయినను ఎరిగినోడు.

"ఏంది బిడ్డా అది?"

చెప్పిన. సబ్బు, నాలుక, వేలు, అన్ని చెప్పిన. ఆయన, "సీసా మూత సరిగ్గ పెట్టు, కారుతది" అని మాత్రం అన్నడు. తర్వాత ఎన్నడు అడగలే. నా సీసా ఖాళీ అయితే బల్ల మీద ఇంకోటి కనవడుతుండె.

ఇంట్ల సబ్బు కోసినంక నేను ఒక చుక్క వేసేది. మా అమ్మ పక్కన నిలవడి, "సిగ్గువడ్డదా?" అని అడిగేది. గులాబి రంగొస్తే గది సిగ్గువడ్డట్టు. సిగ్గువడితే మళ్ళ కరిగిచ్చుడు. ఆమె నవ్వుకుంటనే అడిగేది గాని, నేను చెప్పేదాకా నా మొహం దిక్కు చూసే తీరు, వయసుల పెద్దామె చిన్నపిల్ల దిక్కు చూసే తీరు కాదు. నాకు గది చూసుడు కష్టంగుండె.

మూడో ఏడంత గడబిడ. బందులు, గుంపులు, లాఠీలు, కాలేజీకి తాళం. పరీక్షలు వెనుకకు, ఇంక వెనుకకు. ఎట్లనో రాసిన. రాసినంక ల్యాబ్‌కు పోయే హక్కు నాకు లేదు, సీసాల చివరి చుక్క ఎప్పుడో అయిపోయింది.

ఇగ రిజల్ట్స్ దినానికి వస్తా.

"ఆగు. పొయ్యి మీద ఉన్నది" అన్నది మా అమ్మ. ఆగిన. చెప్పు మీద చెప్పు పెట్టి నిలవడ్డ. బకెట్ల పచ్చగ, తెల్లగ, గోధుమ రంగుగ ముక్కలు కరుగుతున్నయ్. మొన్న డబ్బాల పోసిన సబ్బు అయిందో కాలేదో తెల్వక, మొత్తం తరిగి ముక్కలల్ల కలిపేసిందంట. మా నాయిన చెప్పిండు. ఆమె కట్టె మీది ముద్దను చిటికెడు తీసి, ఊది, అలవాటుగ నాలుకకు ఆనిచ్చింది. కండ్లు మూసుకున్నది. తెరిచింది.

"నీ మందున్నదా?" అన్నది నాతోని.

"అయిపోయిందమ్మా."

"ఎట్ల మరి. ఇది ఏం చెప్తలేదు."

పాసైన మాట నా నోట్లనే ఉన్నది. దాన్ని చెప్పేతందుకు నోరు తెరిచి, ఏమైందో తెల్వదు, వంగి కట్టె మీద నుంచి ఇంత ముద్ద తీసిన. మా అమ్మ "ఏయ్" అని చెయ్యి చాపింది, గదవ పట్టుకుంటందుకు. గప్పటికే ఆనిచ్చిన.

గుచ్చింది. కారం తీరు గాదు. కారం మెల్లగ ఎక్కుతది, దానికొక దారుంటది. ఇది తగలంగనే చెవుల దాకా పోయింది. ఇనుప సూదిని కాల్చి నాలుక కొసల దింపి, ఆడనే ఉంచినట్టు. కండ్లల్ల నీళ్ళొచ్చినయ్. ఉమ్మితే పోలే. నీళ్ళు పోస్తే ఇంక సబ్బు నురుగై లోపలిదాక పాకింది. మా అమ్మ నా తల వంచి, చెంబెడు నీళ్ళతోని పుక్కిలిపిచ్చి, "మింగకు, మింగకు" అనుకుంట, చల్ల తెచ్చి నోట్ల పోసింది.

చల్ల పట్టుకొని నోరు ఉబ్బిచ్చుకొని నిలవడ్డప్పుడు నాకు సమజైంది. గిసొంటిది తెల్వకపోవుడు ఉండది. మొద్దువారిన నాలుకకైనా, ఎన్నేండ్లు నాకిన నాలుకకైనా తెలుస్తది. గా దినం నా ఎదురుంగ కూసొని, కండ్లు మూసుకొని, ఒకసారి గాదు రెండుసార్లు ఆనిచ్చింది. గుచ్చింది ఆమెకు. నా దిక్కు చూసింది. నా చేతిల నోట్‌బుక్ ఉండె. మంచిగున్నది అన్నది.

నాలుక పాడైనందుకు సబ్బు తప్పు కాలే. తప్పు సబ్బు ముక్క ఒకటి ఇంట్ల ఉంచుకొని, పది దినాలు రోజు ఆనిచ్చి ఆనిచ్చి, ఇయ్యాలైనా తగ్గుతదేమో, బిడ్డ చెప్పింది నిజమైతదేమో అని చూసి చూసి, గా నాలుకను ఆమెనే పాడుచేస్కున్నది.

చల్ల ఉమ్మిన.

"గుచ్చిందా?" అన్నది.

"ఊ."

"మస్తుగనా?"

"అమ్మా, గా దినం గూడ గింతనేనా?"

మా అమ్మ కట్టె అందుకొని తిప్పుడు మొదలువెట్టింది. "అడుగంటుతది" అన్నది. బకెట్ల చూస్కుంటనే అన్నది. "ఇప్పుడు దీన్ని ఏం చెయ్యమంటవ్?"

"నూనె పోసి మళ్ళ ఉడికియ్యాలె."

"కాలేజీల గట్లనే చెప్పిన్రా?"

గా మాటనే. గా తీరుగనే. ఎక్కిరింపు లేదు దాంట్ల. నిజంగనే అడుగుతున్నది, నేను "ఆ" అంటే పోసేతందుకు.

"లేదమ్మా" అన్న. నాలుక తిరుగుతలేదు, మాట ముద్దముద్దగ వస్తున్నది. "కాలేజీల చెప్పలే. నువ్వే చెప్పినవ్, నేను చిన్నగున్నప్పుడు. గుచ్చితే నూనె పోసి ఉడికియ్యాలె అని."

కట్టె ఒక్క చుట్టు ఆగింది. మళ్ళ తిరిగింది.

"చెప్పిన్నా?" అన్నది.

"చెప్పినవ్."

మా నాయిన లేచి నూనె డబ్బా తెచ్చిండు. రెండు అరిచేతుల నడుమ పట్టుకొని, వేళ్ళు వంగవు కాబట్టి ఒళ్ళంత వంచి పోసిండు.

"సన్నగ పోయ్ అయ్యా" అన్నది మా అమ్మ.

"పోస్తున్ననే. బిడ్డ ఏందో చెప్తనని ఉరికొచ్చింది గదా, అడగవైతివి."

ఇద్దరు నా దిక్కు చూసిన్రు. పొద్దటి సంది ఊరంత చెప్పుకుంట వచ్చిన మాట. పల్లీలాయనకు, గిర్నీ ఆయనకు ఎంత మంచిగ చెప్పిన. ఇప్పుడు నోరు మండుతున్నది, ఒక్కొక్క అక్షరం నాలుక కొసకు తగిలి వస్తున్నది.

"పాసైన."

మా నాయిన డబ్బా కింద పెట్టిండు. కొసలేని వేలును తువ్వాలతోని తుడుచుకుంట, తుడిచిన చోటనే మళ్ళ తుడుచుకుంట నిలవడ్డడు.

"మంచిగైంది" అన్నది మా అమ్మ. కొంచెం సేపటికి మళ్ళ, "మంచిగైంది బిడ్డ" అన్నది. చెమటనో ఏందో మోచేతితోని మొహం తుడుచుకొని, కట్టె నా దిక్కు చాపింది.

"జెర పట్టుకో. ఒక్క దిక్కే తిప్పు."

పట్టుకున్న. ముద్ద గట్టిగ ఉండె, అడుగున ఇంకా కరగని ముక్కలు తగులుతుండె. ఒక్క దిక్కే తిప్పిన.